ఎస్టోనియా ఎపే ఛాంపియన్ కెరీర్‌ని పతకాల పట్టిక దాటి ఎలా చదవాలి

2021 జులై 26న మనవాళ్ళు చాలామంది మొదటిసారి ఫెన్సింగ్ చూశారు, చెన్నై అమ్మాయి భవానీ దేవి టోక్యో ఒలింపిక్స్‌లో సేబర్ అనే రకం కత్తితో ఆడిన రోజు అది, మొదటి బౌట్ 15-3తో గెలిచింది, రెండోదాంట్లో ఫ్రాన్స్ ప్లేయర్ మానోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడిపోయింది, ఇంక మనం టీవీ కట్టేసి వేరే పనుల్లో పడ్డాం. మర్నాడు అదే హాల్లో, చీబాలో ఉన్న మకుహారి మెస్సేలో, మొత్తం జనాభా పదమూడు లక్షలుండే ఎస్టోనియా నుంచి వచ్చిన ఆడవాళ్ళ ఎపే (ఇంకో రకం కత్తి) టీం ఫైనల్లో కొరియాని 36-32తో ఓడించి గోల్డ్ కొట్టింది. ఆ టీంలో ఒకామె యూలియా బెల్యాయెవా.

ఆమె పేరు కొట్టి వెతికితే ముందు ఒక పట్టిక వస్తుంది, 2013 వరల్డ్ ఛాంపియన్, 2017 టీం వరల్డ్ ఛాంపియన్, 2021 ఒలింపిక్ టీం ఛాంపియన్, 2013లో ఒకసారి 2016లో ఒకసారి టీంతో యూరోపియన్ ఛాంపియన్. చూసి అబ్బో అనుకుని మూసేస్తాం. ఫెన్సింగ్‌లో ఆ పట్టిక ఒక్కటే పట్టుకుంటే సగం కూడా తెలీదు, కొంతమంది విషయంలో తప్పుగా కూడా అర్థమవుతుంది. అందుకే ఒక ఫెన్సర్ కెరీర్ ఎలా చదవాలో, ఏ షీట్ ముందు తెరవాలో, ఏ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలో, సొంత దేశంలో వాళ్ళకి దక్కిన గుర్తింపు ఎక్కడ వెతకాలో బెల్యాయెవానీ ఆమె చుట్టూ ఉన్నవాళ్ళనీ పెట్టుకుని చెప్తాను. ఇది ఒక సాయంత్రం పని, పెద్ద కష్టం కూడా కాదు.

అన్నిటికంటే ముందు ఏ కత్తో చూడండి. ఫెన్సింగ్‌లో మూడు కత్తులు, ఫాయిల్, సేబర్, ఎపే, మూడూ మూడు వేరే ఆటలు అనే అనుకోండి, పెద్ద స్థాయిలో ఒకదాంట్లో ఆడేవాళ్ళు ఇంకోదాని జోలికి పోరు. భవానీది సేబర్, నడుం పైభాగమే టార్గెట్, రెప్పపాటులో పాయింట్ అయిపోతుంది, ఇద్దరికీ లైట్ వెలిగితే దాడి ఎవరిదో రిఫరీ తేల్చి ఒకళ్ళకే ఇస్తాడు. ఎస్టోనియా వాళ్ళ పేరు వినపడేది ఎపేలో. ఇందులో తల నుంచి కాలి బొటనవేలి దాకా ఎక్కడ గుచ్చినా పాయింటే, దాడి ఎవరిది అనే పంచాయితీ లేదు, లైట్ ఎవరిది వెలిగితే పాయింట్ వాళ్ళది, ఇద్దరూ సెకనులో ఇరవై అయిదో వంతు లోపల ఒకళ్ళనొకళ్ళు గుచ్చుకుంటే రెండు లైట్లూ వెలుగుతాయి, చెరో పాయింట్.

ఆ లైట్ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎపే మొత్తం దాని మీదే నడుస్తుంది. కత్తి పొడవు 110 సెంటీమీటర్లకి మించకూడదు, బరువు 770 గ్రాముల లోపు ఉండాలి, కొనకి చిన్న బటన్, దాని వెనక స్ప్రింగ్. బౌట్ మొదలయ్యే ముందు రిఫరీ కత్తిని కొన పైకి ఉండేలా నిలబెట్టి దాని మీద 750 గ్రాముల బరువు పెడతాడు, బటన్ నొక్కుకున్నాక స్ప్రింగ్ ఆ బరువుని మళ్ళీ పైకి తోసేయాలి, తోయలేకపోతే ఆ కత్తి పనికిరాదు, పైగా ఎల్లో కార్డ్. తర్వాత సన్నటి రేకులు రెండు బటన్ కింద దూర్చి చూస్తాడు, ఒకటి 1.5 మిల్లీమీటర్లు, ఇంకోటి 0.5, బటన్ ప్రయాణం సరిపోయిందా, మరీ తొందరగా లైట్ వెలిగిపోతోందా అని. వీడియోలో ఇదంతా టైంపాస్‌లా కనపడుతుంది, చాలామంది స్కిప్ చేసేస్తారు, నేనైతే చూడమనే చెప్తా, ఎందుకంటే ప్లేయర్లు ఆ నిమిషంలోనే ఒకళ్ళనొకళ్ళు కొలుచుకుంటుంటారు.

ఇప్పుడు డబల్ టచ్ సంగతి. చెరో పాయింట్ వస్తే ఎవరికి లాభం? ముందున్నవాళ్ళకి. 14-12 మీద ఉన్నవాళ్ళు డబల్ చేస్తే 15-13, ఆట అయిపోయింది. అందుకే ఎపేలో రెండు పాయింట్ల లీడ్ అంటే చాలా పెద్ద విషయం, వెనకున్నవాళ్ళు డబల్ కాకుండా ఒంటరి టచ్ వేసి తీరాలి, దానికోసం మీదికి రావాలి, మీదికొస్తే చెయ్యి, మణికట్టు, మోకాలు అన్నీ దొరుకుతాయి. కబడ్డీలో లీడ్ ఉన్న టీం చివరి నిమిషంలో రైడర్‌ని పంపి బోనస్ లైన్ దగ్గర తిప్పుతూ టైం చంపుతుందే, ఇక్కడా అదే బుద్ధి. స్కోర్ తక్కువగా ఉందంటే ఆట బోర్ కొట్టిందని అనుకోవద్దు, 14 మీటర్ల పిస్ట్ మీద, అంటే ఆడే పట్టీ మీద, ఇద్దరు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఒక్క టచ్ కూడా లేకుండా గడిపే నిమిషంలోనే సగం ఆట జరిగిపోతుంది. మరీ ఊరికే నిలబడితే కూడా కుదరదు, నిమిషం పాటు ఏ టచ్చూ లేకపోతే రిఫరీ పీ కార్డులు, అంటే ఆడకుండా ఊరుకున్నందుకు ఇచ్చే కార్డులు, తీస్తాడు, వాటి పుణ్యమా అని ఈమధ్య ఆటలు కొంచెం వేగం పుంజుకున్నాయి.

ఇక ఇండివిడ్యువల్ షీట్. అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య, అందరూ ఎఫ్ఐఈ అంటారు, దాని సైట్‌లో ప్లేయర్ పేరుతో పేజీ ఉంటుంది, అందులో ఆడిన టోర్నమెంట్లు వరసగా ఉంటాయి. ఏదో ఒక వరల్డ్ ఛాంపియన్‌షిప్ తెరవండి. ముందు పూల్స్ వస్తాయి, ఆరుగురో ఏడుగురో ఒక గుంపు, అందరూ అందరితో ఆడాలి, బౌట్‌కి 5 టచ్‌లు, మూడు నిమిషాలు. ర్యాంకింగ్‌లో మొదటి పదహారు మంది పూల్స్ ఆడక్కర్లేదు, నేరుగా 64 మంది నాకౌట్‌లోకి వస్తారు. కాబట్టి ఒక ప్లేయర్‌కి పూల్ రిజల్ట్ లేదంటే ఆ టైంకి ఆ మనిషి ప్రపంచంలో టాప్ 16 అని అర్థం, ఇది చాలామంది గమనించరు, డేటా మిస్సయింది అనుకుంటారు. పూల్ ఉంటే గెలిచిన శాతం, దాని పక్కన ఇండికేటర్ చూడండి, కొట్టిన టచ్‌ల్లోంచి తిన్న టచ్‌లు తీసేస్తే వచ్చే నంబర్ అది, ప్లస్ 15 అంటే ఆ పొద్దున చెయ్యి బాగా పడుతోందని.

తర్వాత టాబ్లో, అంటే నాకౌట్ చెట్టు. 15 టచ్‌లు, మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. టై అయితే ఒక నిమిషం ఎక్స్‌ట్రా, దానికి ముందే లాటరీలో ఒకళ్ళకి ప్రయారిటీ ఇస్తారు, ఆ నిమిషంలో ఎవరూ కొట్టకపోతే ప్రయారిటీ ఉన్నవాళ్ళు గెలిచినట్టు. ఈ చెట్టుని గెలిచిన పేరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవండి, అంటే ఫైనల్, సెమీస్, క్వార్టర్స్, అలా 64 దాకా. ప్రతి రౌండ్లో ఎదుటివాళ్ళు ఎవరు, స్కోర్ ఎంత, 15-14లు ఎన్ని, ఇవి మూడూ ఒక కాగితం మీద రాస్కోండి చాలు.

2013 ఆగస్టు, బుడాపెస్ట్. బెల్యాయెవా 1992 జులైలో తార్తులో పుట్టింది, అంటే అప్పటికి 21 నిండి నెల కూడా కాలేదు. ఫైనల్లో ఎదురుగా రష్యాకి చెందిన ఆన్నా సివ్‌కోవా, 2004 ఏథెన్స్‌లో రష్యా టీంతో ఒలింపిక్ గోల్డ్ కొట్టిన మనిషి. పట్టికలో ఇదంతా ఒక్క లైన్, వరల్డ్ ఛాంపియన్ 2013 అని. అదే వారం అదే ఊళ్ళో మగవాళ్ళ ఎపే గోల్డ్ కూడా ఎస్టోనియాకే పోయింది, నికొలాయ్ నొవొస్యొలొవ్‌కి. మన హైదరాబాద్‌లో ఒక మూలకి సరిపోయే జనం ఉన్న దేశం ఒకే వరల్డ్స్‌లో ఎపే ఇండివిడ్యువల్ టైటిళ్ళు రెండూ ఎత్తుకుపోయింది. నన్నడిగితే ఎస్టోనియా ఫెన్సింగ్‌కి టోక్యో ఎంత పెద్దదో ఈ బుడాపెస్ట్ కూడా అంతే పెద్దది, ఒలింపిక్స్ కాదు కాబట్టి బయటి ప్రపంచానికి ఆనలేదంతే.

నొవొస్యొలొవ్‌ని ఇక్కడ కొంచెం ఆపి చూడాలి, ఎందుకంటే పట్టిక మోసం చేసేది ఇలాంటివాళ్ళ దగ్గరే. 1980లో హాప్సాలులో పుట్టాడు, 2010లో పారిస్‌లో, గ్రాన్ పాలే అనే ఆ అద్దాల పైకప్పు భవనంలో జరిగిన వరల్డ్స్‌లో గోల్డ్, మళ్ళీ 2013లో గోల్డ్. ఎపేలో ఇండివిడ్యువల్ వరల్డ్ టైటిల్ రెండుసార్లు గెలవడం ఎంత అరుదో తెలియాలంటే గెలిచినవాళ్ళ లిస్ట్ ఒకసారి తిరగేయండి, ఏటా కొత్త పేరే ఎక్కువ. కానీ ఒలింపిక్ పతకం ఆయనకి రాలేదు, కాబట్టి ఒలింపిక్ లిస్టులే చూసేవాళ్ళకి అసలీ మనిషి లేనట్టే. దానికి తోడు అప్పట్లో టీం పోటీలు వంతులవారీగా పెట్టేవాళ్ళు, 2012 లండన్‌లో మగవాళ్ళ టీం ఎపే అసలు లేదు, టోక్యో నుంచే అన్ని కత్తులకీ అన్ని టీం పోటీలూ వచ్చాయి. ఒక ప్లేయర్‌కి ఒలింపిక్ టీం పతకం లేదని అనేముందు ఆ ఏడు ఆ పోటీ పెట్టారా లేదా అని చూస్కోవాలి.

ర్యాంకింగ్ నంబర్ గురించి త్వరగా చెప్పేస్తా. గెలిస్తే 32, రెండో స్థానానికి 26, మూడుకి 20, ఐదు నుంచి ఎనిమిది దాకా 14, ఇవి మామూలు వరల్డ్ కప్ పాయింట్లు. గ్రాండ్ ప్రీ అయితే ఒకటిన్నర రెట్లు, వరల్డ్ ఛాంపియన్‌షిప్ అయితే రెండున్నర రెట్లు. అంటే ఒక్క వరల్డ్స్ గోల్డ్‌కి 80 పాయింట్లు, ఆ ఒక్క రోజుతో ఆ ఏడాది ర్యాంక్ పైకెక్కి కూర్చుంటుంది, సరిగ్గా ఏడాదికి ఆ 80 రాలిపోతాయి. అందుకే ఛాంపియన్ అయిన తర్వాతి సంవత్సరం ర్యాంక్ పడిపోతే ఫామ్ పోయింది అని రాసేస్తుంటారు, అది లెక్కల్లో జరిగిన పని. ఒకే ఏడాది ర్యాంక్ చూడకుండా నాలుగైదేళ్ళ ర్యాంకులు పక్కపక్కన పెట్టుకుని చదివితే మేలు.

ఇప్పుడు అసలు షీట్‌కి వద్దాం, టీం షీట్. ఇదొక్కటి చదవడం వస్తే మిగతాదంతా వచ్చేసినట్టే అని నా అభిప్రాయం. ఒక్కో టీంలో ముగ్గురు ఆడతారు, ఒక రిజర్వ్. ఇటు ముగ్గురూ అటు ముగ్గురితో ఒక్కోసారి, మొత్తం తొమ్మిది బౌట్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. స్కోర్ మాత్రం కొత్తగా సున్నా నుంచి మొదలవ్వదు, కూడుకుంటూ పోతుంది, మొదటి బౌట్ ఎవరో ఒకరు 5కి చేరేదాకా, రెండోది 10 దాకా, మూడోది 15, అలా తొమ్మిదోది 45 దాకా. ఇందులో మజా ఏంటంటే మీ టీం అయిదో బౌట్ మొదట్లో 12-20తో వెనకపడి ఉంటే, ఆ బౌట్ ఆడే మనిషికి 25 దాకా వెళ్ళే హక్కుంది, అంటే ఒక్కత్తే పదమూడు టచ్‌లు కొట్టి మొత్తం తిప్పేయొచ్చు. ఎదుటామె కూడా ఊరుకోదనుకోండి, కానీ దారి తెరిచి ఉంటుంది.

కాబట్టి షీట్ చేతికొచ్చాక ఇలా చేయండి. ప్రతి బౌట్ దగ్గర కూడికైన స్కోర్ ఉంటుంది, దాన్ని పక్కన తేడాగా మార్చి రాయండి, అంటే 8-10 మీద మొదలై 14-15 దగ్గర ఆగితే ఆ బౌట్ మనామె 6, ఎదుటామె 5, ప్లస్ 1. ఒక్కో ప్లేయర్ మూడు బౌట్ల తేడాలు కూడండి. ఆ చిన్న నంబర్ ఇండివిడ్యువల్ పతకాల కంటే నిజం ఎక్కువ చెప్తుంది. కొందరుంటారు, ఎప్పుడూ మెరుపులుండవు, ప్లస్ 1, సున్నా, ప్లస్ 1, అంతే, కానీ వాళ్ళు పిస్ట్ ఎక్కినప్పుడు టీం ఎప్పుడూ కుప్పకూలదు. ఇంకొందరు ప్లస్ 6 కొట్టి తర్వాతి బౌట్లో మైనస్ 5 తెస్తారు. కోచ్ చివరి బౌట్‌కి ఎవర్ని పెట్టాడు, రిజర్వ్‌ని ఎప్పుడు దింపాడు అనేది కూడా షీట్‌లోనే కనపడుతుంది, ఇంటర్వ్యూల్లో చెప్పని మాటలు అక్కడ దొరుకుతాయి.

టోక్యోలో ఎస్టోనియా స్కోర్లు చూడండి. క్వార్టర్స్‌లో పోలండ్ మీద 29-26. సెమీస్‌లో ఇటలీ మీద 42-34. ఫైనల్లో కొరియా మీద 36-32. మూడింట్లో ఒక్కటి కూడా 45కి చేరలేదు, అంటే మూడు మ్యాచ్‌లూ గడియారం చూసుకుంటూ గెలిచినవే. పోలండ్‌తో ఆడింది మరీ తక్కువ స్కోరు, ఇరవై ఏడు నిమిషాల ఆటలో 29, నిమిషానికి ఒక టచ్ లెక్కన వచ్చింది. ఇటలీ మీద 42 అంటే ఎదుటివాళ్ళు వెనకపడి మీదికొచ్చి తిన్నారని ఊహించొచ్చు, షీట్ తెరిస్తే ఏ బౌట్లో అలా జరిగిందో కూడా దొరుకుతుంది.

ఫైనల్లో ఎనిమిది బౌట్లు అయ్యేసరికి 26-26. చివరి బౌట్ కాత్రీనా లెహిస్‌కీ కొరియా నంబర్ వన్ చోయ్ ఇన్‌జియాంగ్‌కీ మధ్య. ఇక్కడ ఒక లెక్క చూడండి, ఎనిమిది బౌట్లలో, అంటే ఇరవై నాలుగు నిమిషాల్లో, రెండు టీంలూ కలిపి కొట్టింది 52. చివరి మూడు నిమిషాల్లో 10-6, మొత్తం 16. లెహిస్ చిన్న లీడ్ తీసుకోగానే చోయ్ ముందుకు రాక తప్పదు, వస్తే డబల్ పడినా లెహిస్‌కే లాభం, రాకపోతే గడియారం తినేస్తుంది, పైన నేను చెప్పిన డబల్ టచ్ లెక్క మొత్తం ఆ మూడు నిమిషాల్లో కళ్ళకు కడుతుంది. ఎపే తెలీనివాళ్ళకి ఏదైనా ఒక్క వీడియో చూపించాలంటే నేను ఆ బౌట్ చూపిస్తాను, ముందే స్కోర్ తెలిసినా ఏం నష్టం లేదు.

మరి బెల్యాయెవా ఏది అంటారా, పట్టికలో ఆమె పేరు మొదట ఉంటే చివరి బౌట్ లెహిస్ ఎందుకు ఆడింది? ఇక్కడే కెరీర్ చదవడం అనేది ఒక మనిషి దగ్గర ఆగదు. 2013లో వరల్డ్ ఛాంపియన్ అయిన అమ్మాయి ఎనిమిదేళ్ళ తర్వాత టీంలో మధ్య బౌట్లు మోసే స్థానంలో ఉండొచ్చు, అది తగ్గడం ఏమీ కాదు. ఆ నలుగురినీ పక్కపక్కన పెట్టి చూడండి. లెహిస్ 1994లో హాప్సాలులో పుట్టింది, 2018లో నోవీ సాద్‌లో యూరోపియన్ ఛాంపియన్, టోక్యోలో టీం గోల్డ్‌కి మూడు రోజుల ముందు ఇండివిడ్యువల్ బ్రాంజ్ కూడా కొట్టింది. ఎరికా కిర్పు 2014లోనూ 2015లోనూ వరల్డ్స్ బ్రాంజ్. ఇక ఇరీనా ఎంబ్రిక్, నాకైతే ఈ నలుగురిలో ఈమె కెరీరే ఎక్కువ ఇష్టం, 1980లో టాలిన్‌లో పుట్టింది, 2006లో టురిన్ వరల్డ్స్ ఫైనల్లో హంగరీ దిగ్గజం తిమెయా నాజ్ చేతిలో ఓడి సిల్వర్, 2007లో బ్రాంజ్, ఆ తర్వాత పట్టికలో పదేళ్ళ ఖాళీ లాంటిది కనపడుతుంది, 2017లో టీంతో వరల్డ్ ఛాంపియన్, 2021లో 41 ఏళ్ళ వయసులో ఒలింపిక్ గోల్డ్. ఆ ఖాళీలో ఆమె ఇంట్లో కూర్చోలేదు, 2013 యూరోపియన్ టీం గోల్డ్ దగ్గర, 2016 రియోలో నాలుగో స్థానం దగ్గర ఆమె పేరుంది. రియోలో బ్రాంజ్ మ్యాచ్‌లో రష్యా చేతిలో ఓడారు, నాలుగో స్థానానికి ఏ పట్టికలోనూ గడి ఉండదు.

2017 లీప్‌జిగ్‌లో టీం వరల్డ్ టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్లో ఓడించింది చైనాని. ఆ నలుగురు బెల్యాయెవా, ఎంబ్రిక్, కిర్పు, క్రిస్టీనా కూస్క్. టోక్యో లిస్ట్‌లో కూస్క్ పేరు లేదు, లెహిస్ ఉంది. ఇలాంటి మార్పులు రాస్కోవడం మర్చిపోవద్దు, టీం గోల్డ్ అంటే ప్రతిసారీ అదే నలుగురు అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఊరి సంగతి. ఎస్టోనియా ఫెన్సర్ అనగానే ఎక్కడ పుట్టారో చూడండి, హాప్సాలు అని వస్తే ఆశ్చర్యపోకండి. పడమటి తీరంలో, సముద్రం ఒడ్డున పదివేల మంది ఉండే చిన్న ఊరు అది. 1950ల్లో ఎన్‌డెల్ నెలిస్ అనే ఆయన అక్కడ పిల్లలకి కత్తి పట్టడం నేర్పడం మొదలుపెట్టాడు, ఆయన 1993లో పోయారు, ఆయన పెట్టిన క్లబ్ పేరు ఆన్ గార్ద్, ఆ క్లబ్ వల్లే నొవొస్యొలొవ్‌కీ లెహిస్‌కీ పుట్టిన ఊరు ప్రపంచ ఫెన్సింగ్ మ్యాప్‌లోకి వచ్చింది. దేశంలో రెండో పెద్ద ఊరు తార్తు ఇంకో కేంద్రం, బెల్యాయెవా అక్కడి మనిషి. మూడోది రాజధాని టాలిన్. ఈ మూడు ఊళ్ళ పేర్లూ గుర్తుంచుకుంటే వార్తలు సగం అర్థమవుతాయి.

1991కి ముందు వాళ్ళ రికార్డ్ చదివేటప్పుడు జెండా దగ్గర జాగ్రత్త. అప్పుడు ఎస్టోనియా సోవియట్ యూనియన్‌లో ఉండేది, స్వెత్లానా చిర్‌కోవా 1968 మెక్సికోలో 1972 మ్యూనిక్‌లో ఫాయిల్ టీం గోల్డ్‌లు గెలిచింది సోవియట్ పేరు మీద. అటు నుంచి ఇటు కూడా ఉంది, ఒక్సానా యెర్మకోవా టాలిన్‌లో పుట్టింది, తొంభైల్లో ఎస్టోనియాకి ఆడింది, తర్వాత రష్యాకి మారి 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్‌లో ఎపే టీం గోల్డ్‌లు గెలిచింది. ఏథెన్స్ టీంలో ఆమె పక్కన నిలబడ్డ మనిషే సివ్‌కోవా, బెల్యాయెవా 2013 ఫైనల్లో ఓడించిన ఆమె. ఇలాంటి దారాలు జెండాల వారీగా వడపోస్తే తెగిపోతాయి, కాబట్టి సెర్చ్‌లో దేశం ఫిల్టర్ పెట్టకుండా ఒకసారి వెతకండి.

పేర్ల స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. ఎస్టోనియా పాస్‌పోర్ట్‌లో మనం వై పెట్టే చోట జే ఉంటుంది, అందుకని బెల్యాయెవా పేరు వై పెట్టి కొడితే కొన్ని పేజీలు రావు, నొవొస్యొలొవ్‌దీ అంతే. జే ఉన్న స్పెల్లింగ్‌తో ఒకసారి, మామూలు స్పెల్లింగ్‌తో ఒకసారి వెతకండి. వార్తలకి ఎస్టోనియా పబ్లిక్ బ్రాడ్‌కాస్టర్ ఈఆర్ఆర్ ఇంగ్లిష్‌లో కూడా రాస్తుంది, వాళ్ళ రష్యన్ సర్వీస్ కూడా ఉంది. పోస్తిమేస్, డెల్ఫీ లాంటివి ఎస్టోనియన్‌లో ఉంటాయి, మెషీన్ అనువాదంతో పని జరుగుతుంది కానీ ఫెన్సింగ్ మాటలు దగ్గర తికమక పడుతుంది, కత్తి కాస్తా చాకు అయిపోవడం లాంటివి, నవ్వుకుని ముందుకెళ్ళండి.

గుర్తింపు విషయానికొస్తే, ముందు ఆ దేశం దృష్టిలో గోల్డ్ అంటే ఎంతో కొలుచుకోవాలి. మళ్ళీ స్వతంత్రం వచ్చాక సమ్మర్ ఒలింపిక్స్‌లో ఎస్టోనియాకి వచ్చిన గోల్డ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, 1992లో సైక్లింగ్‌లో ఎరికా సలుమే, 2000లో డెకాథ్లన్‌లో ఎర్కి నోల్, 2008లో డిస్కస్‌లో గెర్డ్ కాంటర్, ఆ తర్వాత పదమూడేళ్ళకి ఈ ఎపే టీం. పైగా టోక్యోలో ఎస్టోనియాకి వచ్చిన పతకాలే రెండు, ఆ రెండూ ఎపేలోవే, గోల్డ్ టీందీ బ్రాంజ్ లెహిస్‌దీ. కాబట్టి 2021 వార్తలు చదువుతుంటే మరీ పొంగిపోతున్నారే అనిపిస్తే అందుకే అని అర్థం చేస్కోండి.

గుర్తింపు రెండు చోట్ల కాగితం మీద దొరుకుతుంది. ఒకటి డిసెంబర్ చివర్లో జరిగే ఆ ఏటి మేటి క్రీడాకారుల అవార్డులు, మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి ఒకటి, టీంకి ఒకటి, కోచ్‌కి ఒకటి, అలా విడివిడిగా ఉంటాయి. ఇక్కడ ఎవరు గెలిచారన్నది ఒక్కటే చూడకండి, ఫెన్సర్‌కి పోటీగా నిలబడిన పేర్లు కూడా చూడండి, స్కీయింగ్, అథ్లెటిక్స్, టెన్నిస్ వాళ్ళతో తలపడాలి, ఇవన్నీ అక్కడ టీవీలో ఏడాదంతా కనపడే ఆటలు. ఎపే ఏడాదికి ఒకటో రెండోసార్లు కనపడుతుంది. రెండోది రాష్ట్రపతి ఇచ్చే పతకాలు. ఫిబ్రవరి 24 వాళ్ళ స్వాతంత్ర్య దినం, 1918 నుంచి లెక్క, దానికి ముందు ఏటా జాబితా ప్రకటిస్తారు, అందులో క్రీడాకారుల పేర్లు తరచూ ఆర్డర్ ఆఫ్ ది వైట్ స్టార్ కింద కనపడతాయి, అందులో అయిదు తరగతులున్నాయి, అంకె చిన్నదయ్యేకొద్దీ గౌరవం పెద్దది. రాష్ట్రపతి కార్యాలయం సైట్‌లో పేరు కొట్టి వెతికే సౌకర్యం ఉంది, ఏ ఏడు, ఏ తరగతి అన్నీ ఉంటాయి, అక్కడ చూడకుండా ఎవరో రాసింది పట్టుకుని రాసేయొద్దు. మనదగ్గర భవానీ దేవికి 2021 అర్జున అవార్డు వచ్చింది కదా, అలాంటి దాన్ని కూడా క్రీడా శాఖ జాబితాలో చూసి నిర్ధారించుకోవడం మంచి అలవాటు.

కాగితం మీద దొరకనిది ఇంకోటుంది. ఎస్టోనియాలో దాదాపు పావు వంతు జనానికి ఇంట్లో మాట్లాడే భాష రష్యన్, స్వతంత్రం వచ్చినప్పటి నుంచి భాష మీద అక్కడ నడుస్తున్న గొడవలు మనకి తెలిసిన రాష్ట్ర గొడవల కంటే తక్కువేం కాదు. ఆ గోల్డ్ టీం పేర్లు చదవండి, బెల్యాయెవా, ఎంబ్రిక్, కిర్పు, లెహిస్. పోడియం మీద నలుగురికీ ఒకే జెండా, ఒకే జాతీయగీతం. దీని గురించి ఇంటర్వ్యూల్లో ఏమన్నారో వెతుక్కునేటప్పుడు ఎస్టోనియన్ వార్త, రష్యన్ సర్వీస్ వార్త రెండూ చదవండి, ప్రశ్నలే వేరుగా ఉంటాయి, జవాబులకంటే ఆ ప్రశ్నల్లో ఎక్కువ తెలుస్తుంది.

ఇంతా చదివాక చేతికి పని కావాలంటే టోక్యో ఫైనల్ వీడియో పెట్టుకుని, పక్కన తొమ్మిది గడులు గీసి, ఎవరు ఎవరితో ఆడారో, మొదలైన స్కోర్, ఆగిన స్కోర్, డబల్స్ ఎన్ని పడ్డాయో మీరే రాయండి, తర్వాత అధికారిక షీట్‌తో సరిచూస్కోండి. డబల్స్ లెక్క షీట్‌లో విడిగా ఉండదు, అది చూసి రాసుకోవాల్సిందే, అందుకే దానికి విలువ.

ఆ తర్వాత 2024 పారిస్‌కి వెళ్ళండి. ఎస్టోనియా ఆడవాళ్ళ టీం క్వాలిఫై కాలేదు, అంటే డిఫెండింగ్ ఛాంపియన్లు బరిలోనే లేరు, ఎనిమిది టీంలే వస్తాయి మరి, ర్యాంకింగ్‌లో మొదటి నాలుగు, తర్వాత ఖండాల వారీ. ఇండివిడ్యువల్‌లో మాత్రం నెల్లీ డిఫర్ట్ వచ్చింది, సెమీస్‌లో హాంకాంగ్‌కి చెందిన వివియన్ కాంగ్ చేతిలో ఓడింది, ఆ కాంగే గోల్డ్ కొట్టింది, బ్రాంజ్ మ్యాచ్‌లో హంగరీకి చెందిన ఎస్తెర్ ముహారి చేతిలో ఓడింది. నాలుగో స్థానం. పట్టికలో ఆమె గడి ఖాళీగానే ఉంటుంది, మీరు టాబ్లో తెరిచి సెమీస్ నుంచి వెనక్కి మొదటి రౌండ్ దాకా చదవండి, దార్లో ఎవరెవర్ని ఇంటికి పంపిందో వరసగా కనపడుతుంది.